మామగారి చేతులు

స్టీరింగ్ వదులైన పాత వ్యాన్‌ని మామగారు ఏళ్ల తరబడి అలాగే నెట్టుకొచ్చాడు. పావు చుట్టు తిప్పితే గానీ చక్రాలు కదిలేవి కావు. చివరికి మెకానిక్ కోడలే స్టీరింగ్ కాలమ్ విప్పి, లోపల అరిగిన బుష్షు మార్చి, వదులు లేకుండా బిగించింది. తాళాలు మాత్రం వెంటనే ఇవ్వలేదు. ఎవరి బండైనా ముందు తన ఎదుట నడిపించి చూశాకే ఇవ్వడం ఆమె పద్ధతి.

"ముందు మైదానంలో నడపండి మామయ్యా."

"నాకే నేర్పుతావా?" అంటూ కస్సుమన్నాడు. తీరా మైదానానికెళ్లి, అలవాటు కొద్దీ స్టీరింగ్ తిప్పేసరికి బండి గిర్రున పక్కకి తిరిగింది. ఆయన గబుక్కున బ్రేకు తొక్కాడు.

పక్కనున్న కోడలు నవ్వలేదు. "బండి బాగానే ఉంది. మీ చేతులే ఇంకా పాత బండి నడుపుతున్నాయి."

సాయంత్రందాకా చుట్లు కొట్టాడు. దిగాక తాళాలు తనే ఆమె చేతిలో పెట్టాడు.

"రేపు కూడా వద్దామమ్మా."