కానుక బల్ల మీద, మనిషి వీధిలో

మెడలో టేపు లేకుండా ఆమెని ఎవరూ చూడలేదు. నిద్రలో కూడా తియ్యదని మరిది ఆటపట్టిస్తుంటాడు. ఆదివారం ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుని చర్చికి వచ్చినా టేపు మాత్రం మెడలో అలాగే వేలాడుతుంటుంది. అందుకే సంఘంలో అందరికీ ఆమె టేపమ్మ.

టేపమ్మది ఇంటి కింది గదిలో కుట్టుకొట్టు. కత్తిరింపూ మిషనూ ఆమె చూసుకునేది. కాజాలు, గుండీలు, అంచుల చేతికుట్టు మేడమీద ఉండే చిన్న తోడికోడలి పని. ఇద్దరూ ఒకే కిటికీ వెలుతురులో కూర్చుని, ఒకరి దారపు ఉండ ఇంకొకరు లాక్కుంటూ, అత్తగారి గురించి చెప్పుకోవలసినవన్నీ చెప్పుకుంటూ ఏళ్ళు గడిపేశారు.

ఆ మధ్య పాస్టరుగారి భార్య గౌను తీసుకోవడానికి కొట్టుకి వచ్చింది. చూస్తే అంచు ఒక పక్కకి దిగి ఉంది. టేపమ్మ ఆగలేకపోయింది.

"ఇది నా చేతి పని కాదమ్మగారూ, మా చిన్నదానిది. నేను పట్టుకుంటే ఇలా వస్తుందా?" అనేసింది.

చిన్నది చేతిలోని సూదిని సూదుల దిండుకి గుచ్చి మేడెక్కింది. మళ్ళీ కొట్లోకి దిగలేదు. చర్చికి రావడమూ మానేసింది. ఎవరైనా అడిగితే టేపమ్మ, "నాకు దాని మీద ఏ కోపమూ లేదండీ. నేనేదీ కడుపులో పెట్టుకునే మనిషిని కాను. దాన్నే రమ్మనండి," అనేది. అబద్ధం కాదు, నిజంగానే అలా అనుకునేది.

ఆ సంఘానిది ఒక తీరు. వాక్యం చదివాక పాస్టరుగారు ఒక్కరే చెప్పేసి దిగిపోరు. బెంచీల్లో వాళ్ళూ అందుకుంటారు. అందరూ ఒక అర్థానికి వచ్చాక దాన్ని చేసి చూస్తారు. చేసి చూడనిది ఇంకా అర్థం కానట్టే వాళ్ళ లెక్క. కానుక తెచ్చినప్పుడు సహోదరుడితో తగువు గుర్తొస్తే, ఆ కానుకని అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమని ప్రభువు చెప్పిన మాటని కూడా అలాగే ఉన్నదున్నట్టు పట్టుకున్నారు. నెల మొదటి ఆదివారం ఎవరి చేతిపని వాళ్ళు తెచ్చి ముందు బల్ల మీద పెడతారు. అవన్నీ పేదవాళ్ళ ఇళ్ళకి వెళతాయి. పెట్టేటప్పుడు తగువు గుర్తొచ్చినవాళ్ళు లేచి వెళ్ళిపోతారు. తిరిగి వచ్చేదాకా మిగతావాళ్ళు పాటలు పాడుతూ కూర్చుంటారు.

ఒకసారి వడ్రంగి తన బావమరిదితో రాజీ పడాలని బస్సెక్కి పక్క ఊరికి వెళ్ళాడు. పాటల పుస్తకం అయిపోయి మళ్ళీ మొదటికొచ్చింది. పిల్లలు బెంచీల కింద నిద్రపోయారు. ఆయన మాత్రం అక్కడ కడుపునిండా భోంచేసి తీరిగ్గా వచ్చాడు. "వాళ్ళింట్లో తినకుండా వస్తే రాజీ పడ్డానంటే నమ్ముతారా?" అని ఎదురడిగాడు కూడా. అతన్ని ఆ రోజు లేపి పంపింది టేపమ్మే.

ఈ నెల మొదటి ఆదివారం పాస్టరుగారు ఆ వాక్యమే చదివారు. ఆయన కొత్తగా వచ్చినాయన. ఈ వెళ్ళడాలూ రావడాలూ ఆయనకి ఇంకా అలవాటు కాలేదు.

"ఇది మనసుకి చెప్పిన మాటేమో, కాళ్ళకి కాదేమో ఆలోచించండి," అన్నారు.

"'వెళ్ళు' అని కాళ్ళకి కాక దేనికి చెబుతారండీ?" అన్నాడు రిటైరైన పోస్టుమాన్ తాత. జీవితమంతా నడిచినవాడు. అందరూ నవ్వారు.

బల్ల మీద పసిపిల్లాడి చొక్కా పెట్టి వచ్చి కూర్చున్న టేపమ్మ కూడా గొంతు కలిపింది. "మనసులో వెళ్ళడమైతే ఎంతసేపండీ? అవతలివాళ్ళకి తెలియొద్దూ?"

"నిజమే," అని పాస్టరుగారు ఒప్పుకుని, వాక్యం మళ్ళీ నెమ్మదిగా చదివారు. "అయితే ఇంకొకటి చూడండి. నీకు సహోదరుడి మీద ఏమైనా ఉంటే అని లేదిక్కడ. సహోదరుడికి నీ మీద ఏమైనా ఉంటే అని ఉంది."

ఆయన ఎవరినీ దృష్టిలో పెట్టుకుని అనలేదు. కానీ టేపమ్మకి చెంపలు వేడెక్కాయి. ఇన్నాళ్ళూ ఆమె వెతుక్కున్నదల్లా తన కడుపులోనే. అక్కడ కోపం కనపడలేదు కాబట్టి తన వంతు అయిపోయిందనుకుంది. అవతలి కడుపులో ఏముందో చూడాలన్న ఊహే రాలేదు. కదలకుండా కూర్చుంటే ఎవరూ అడగరు. కానీ ఇప్పుడే కదా అందరి ముందూ అంత గొప్పగా మాట్లాడింది!

లేచి నిలబడింది. "పాడుతూ ఉండండి," అని గబగబా బయటికి నడిచింది.

మేడమీద తలుపు కొడితే లోపలినుంచి, "టైలరుగారు కింద కొట్లో ఉంటారండీ," అని వినపడింది.

"నేనేనే, తలుపు తియ్యి. అక్కడ అందరూ నీకోసం పాటలు పాడుతూ కూర్చున్నారు."

"నేనేం పోయాననా, పాటలు పాడుతున్నారు?"

తలుపు మాత్రం తెరుచుకుంది. టేపమ్మ దారంతా సిద్ధం చేసుకున్న మాటలన్నీ పక్కన పెట్టేసింది. "నాకు నీ మీద ఏమీ లేదు కదా అనుకుంటూ తిరిగానే," అంది.

"నీకెందుకు ఉంటుందక్కా? అన్నది నువ్వు, పడింది నేను."

"తప్పయిపోయింది."

"అంచు దిగిన మాట నిజమే, నేను కాదనను. నాతో చెబితే విప్పి కుట్టేదాన్ని కదా. ఆవిడ ముందు అన్నావు. ఇప్పుడొచ్చి నా ఒక్కదాని చెవిలో చెబితే సరిపోతుందా?"

"అయితే పద. ఆవిడ ముందే చెబుతాను."

"ఇలాగేనా? తల కూడా దువ్వుకోలేదు!"

"దువ్వుకో. వడ్రంగి భోంచేసి వచ్చేదాకా పాడినవాళ్ళు, నీ జడ అయ్యేదాకా పాడలేరా?"

ఇద్దరూ లోపలికి రాగానే పాట ఆగింది. టేపమ్మ నేరుగా ముందుకెళ్ళి, "అమ్మగారూ, ఆ రోజు మీ ముందు నా తోడికోడల్ని చిన్నబుచ్చాను. నేనలా అనకుండా ఉండాల్సింది," అంది.

పాస్టరుగారి భార్య కంగారుపడింది. "అయ్యో, ఆ గౌనుకేమైంది? బాగానే ఉందే! ఇదిగో, ఒంటి మీదున్నది అదే."

అందరి కళ్ళూ ఒక్కసారిగా ఆవిడ పాదాల వైపు వాలాయి. అంచు నిజంగానే ఒక పక్కకి దిగి ఉంది. ముందుగా నవ్వింది చిన్నదే. ఆ తర్వాత ఎవరూ ఆపుకోలేదు.

నవ్వులు సద్దుమణిగాక చిన్నది బల్ల దగ్గరికెళ్ళి చొక్కా ఎత్తి వెలుతురులో పెట్టి చూసింది. "అక్కా, ఇవి కాజాలా, ఎలక కొరికిన చిల్లులా?"

"నువ్వు లేవుగా మరి."

"దీన్ని ఇలాగే ఒకరింటికి పంపిస్తావా? మన కొట్టు పరువేం కాను? సూదీ దారం ఇటివ్వు."

పాస్టరుగారు ముగింపు ప్రార్థనకి చెయ్యెత్తారు. "కానుక ఇంకా తయారవలేదండీ," అన్నాడు పోస్టుమాన్ తాత మెల్లగా. ఆయన చెయ్యి దించేసి, వచ్చి తాత పక్కన బెంచీ మీద సర్దుకుని కూర్చున్నారు. కిటికీ దగ్గర చిన్నది పాత కాజా విప్పుతుంటే టేపమ్మ చొక్కా అంచు బిగించి పట్టుకుంది.

"పుస్తకం ఇటు ఇవ్వండి తాతగారూ," అన్నారు పాస్టరుగారు. "ఏ పాట దాకా వచ్చాం?"