రాగి రేడియేటర్ కోసం మానుకోట దాకా

పాత కారు ఉన్నవాళ్లకు ఎప్పుడో ఒకసారి ఈ దారి అవసరపడుతుంది కాబట్టి రాస్తున్నాను.

ఆదివారం భూపాలపల్లిలో మా బావమరిది గృహప్రవేశం. శుక్రవారం సాయంత్రం జనగామలో మా మెకానిక్ యాదగిరన్న రేడియేటర్ విప్పి, లోపల గట్టిపడిన పసుపు ముద్దను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూపించాడు. లీకైనప్పుడల్లా చారెడు పసుపు పోయడం మా దగ్గర అందరూ చేసే వైద్యమే. నేను తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను.

"గిది రేడియేటరా సారూ, పులిహోర గిన్నెనా?" అన్నాడు.

వెనకే ఉన్న మా ఆవిడ సరిత అంతా విన్నది. "ఈసారి గూడ తొవ్వల ఆగిందంటే సోమవారం తుక్కోనికి ఇచ్చేస్త. మా తమ్ములతోని ఎన్నిసార్లు తోపిస్తవ్?" అంది. ఆ కారంటే నాకు ప్రాణం. ఆమె మాటంటే మాటే.

జనగామలో సరిపోయేది దొరకలేదు. మహబూబాబాద్‌లో, అదే మానుకోటలో, పాత బండ్ల రేడియేటర్లు అమ్మే దుకాణం ఉందని యాదగిరన్న చెప్పాడు. పాతదాని పొడవు, వెడల్పు, మందం ఒక సుతిలి తాడుకు ముడులు వేసి నా జేబులో పెట్టాడు. నేను లెక్కల సారునే అయినా ఆ సుతిలినే నమ్ముకున్నాను. మీరూ అలాగే తీసుకెళ్లండి.

శనివారం ఉదయం ఏడుంపావుకు ప్యాసింజర్ ఎక్కాను. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఎక్కిన పెద్దమనిషి నా పని తెలుసుకుని "రాగిదే కొను బిడ్డా" అన్నాడు. పక్కనున్న లారీ డ్రైవర్ "అల్యూమినియందే" అన్నాడు. వరంగల్ వచ్చేదాకా ఇద్దరూ కొట్లాడుకున్నారు. పెద్దమనిషికి సైకిల్ తప్ప వేరే బండి లేదని దిగేటప్పుడు తెలిసింది.

పదింటికి దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిని దుకాణానికి వెళ్లాను. నడిపేది నర్సింహులపేట వైపు తండాకు చెందిన శాంతక్క. సుతిలి ముడులు కొలిచి, రెండు రేడియేటర్లు తెచ్చి నా చేతుల్లో చెరొకటి పెట్టింది. అల్యూమినియందున్న ఎడమ చేయి నిలబడింది, రాగిదున్న కుడి చేయి కిందికి జారింది.

"ఏం నీళ్లు పోస్తవన్నా?"

"బోరు నీళ్లు."

"కారితే?"

"పసుపు."

శాంతక్క నవ్వాపుకోలేక కుర్చీలో కూలబడింది. "అల్యూమినియంది అల్కగుంటది, అగ్గువ, మంచిగ సల్లారుస్తది. కని నీళ్లు గాదు, కూలెంట్ మందే పొయ్యాలె. బోరు నీళ్లకు లోపల తినుకపోతది. దీని మీదున్న గీ ప్లాస్టిక్ డబ్బా పలిగితే పారేసుడే. రాగిది బరువు, పిరం. కని యాడ కారినా అతుకేస్తరు. నీ అసొంటోనికి గిదే" అని ఒక కూలెంట్ డబ్బా కూడా అంటగట్టింది.

'నీ అసొంటోనికి' అన్నమాట గుచ్చుకుంది. నిజమే కాబట్టి ధర ఎక్కువైనా రాగిదే తీసుకున్నాను.

ఒంటిగంట రైల్లో గోనెసంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనున్న అవ్వ "గిదేంది నాయినా?" అంది.

"కారు రేడియేటర్, అవ్వా."

"కారుంటే రైల్ల ఎందుకు పోతున్నవ్?"

బోగీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

సాయంత్రానికి యాదగిరన్న దాన్ని బిగించాడు. ఆదివారం ఆరింటికి బయలుదేరి హనుమకొండ, పరకాల దాటాం. సరిత రోడ్డు చూడలేదు, ఇంజను వేడి చూపించే ముల్లునే చూస్తూ కూర్చుంది. ముల్లు సగం దాటలేదు. తొమ్మిదిలోపే భూపాలపల్లి చేరాం. వీధి మలుపులో బావమరుదులు ముగ్గురూ ప్యాంట్లు పైకి మడిచి తోయడానికి సిద్ధంగా ఉన్నారు. వాళ్లకు చేయి ఊపి ముందుకు పోనిచ్చినప్పుడు కలిగిన సంతోషం నా పెళ్లిరోజున కూడా కలగలేదు.

నాలుగింటికి తిరిగి బయలుదేరాం. పరకాల ఇంకా రాకముందే, రోడ్డు పక్కన తళతళలాడే కొత్త కారొకటి ఆవిరి కక్కుతూ ఆగి ఉంది. నేను బ్రేకు వేసేలోపే సరిత అద్దం దించింది.

"అల్యూమినియందా అన్నా? ప్లాస్టిక్ డబ్బా పలిగినట్టున్నది. గది అతుకు పడది" అని, నేను చెప్పిన శాంతక్క మాటలతోనే తీర్పు చెప్పింది. తర్వాత దిగి, ఎండలో నిలబడ్డ వాళ్లింటి ముసలమ్మ కోసం మా వెనక తలుపు తీసింది.

ముసలమ్మ మా కారును కిందినుంచి మీదిదాకా చూసింది. "కొత్తదే ఆగింది బిడ్డా. గీ పాతది పోతదా?"

"ఎక్కు అవ్వా, మా బండి ఆగది" అంది సరిత.

తొమ్మిదేళ్లుగా నడుపుతున్నా, ఆ మాట అనే ధైర్యం నాకెప్పుడూ రాలేదు.