అచ్చు గట్టిపడేదాకా

మా ఇంట్లో ముందు గది నిండా నోళ్ళు ఉంటాయి. కంగారు పడకండి, ప్లాస్టరు నోళ్ళే. మా ఆయన పళ్ళ సెట్లు తయారుచేస్తాడు. వచ్చినవాళ్ళ చిగుళ్ళకి అచ్చు తీసి, దాంట్లో ప్లాస్టరు పోసి, మైనంలో పళ్ళు గుచ్చి నోట్లో పెట్టి చూసి, అప్పుడుగానీ అసలు సెట్టు చెయ్యడు. పని అయిపోయినా ఆ ప్లాస్టరు నోళ్ళని పారెయ్యనివ్వడు. "మళ్ళీ విరగ్గొట్టుకుని వస్తారు" అంటాడు. అలా మా వీధిలో సగం మంది నోళ్ళు మా గోడకున్న అరల్లోనే ఉన్నాయి. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి వాటి మీద పడ్డప్పుడు, తెల్లటి పొడి గాల్లో మెల్లగా తిరుగుతున్నప్పుడు, ఇప్పుడో ఇంకాసేపటికో అవన్నీ మాట్లాడతాయనిపిస్తుంది. పని లేనప్పుడు కుర్చీ వేసుకుని వాటి ఎదురుగా కూర్చుంటాను. "ఇంట్లో మాట్లాడ్డానికి మనుషులు లేరనా?" అని మా ఆయన ఒకసారి అడిగాడు. లేరు మరి. ఆయన నోట్లోంచి మాట రావాలంటే దానికీ అచ్చు తియ్యాలి.

ఆ గదిలోకి వచ్చింది మా మేనకోడలు, మా ఆయన అక్కగారి అమ్మాయి. భుజాన ఒక సంచీ, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మెడికల్ సీటుకి మార్కులు చాల్లేదు. మొదటి ఏడాది పోయినప్పుడు "మొదటిసారే ఎవరికొస్తుందిలే" అన్నారందరూ. రెండోసారి వెంట్రుకవాసిలో పోయింది. ఈసారి ఎవరూ ఏమీ అనలేదు, అదీ అసలు బాధ. వాళ్ళ నాన్న మాత్రం ఊరుకోకుండా మూడోసారికి కోచింగులో పేరు రాయించేశాడు. కొత్త బ్యాచి మొదలయ్యేలోపు కాస్త మనసు కుదుటపడుతుందని మా ఇంటికి పంపారు. బ్యాచి మొదలయ్యే ముందు ఆయనే వచ్చి తీసుకెళతాడు. ఆలోగా పిల్ల "సరే" అనాలి, లేదా "వద్దు" అనాలి. ఇవాళ్టిదాకా ఆ ఇంట్లో రెండోమాట అన్నవాళ్ళు లేరు.

వాళ్ళ నాన్న, మా ఆయనకి బావ, నాకు అన్నయ్య వరస. లిఫ్టులు బాగుచేస్తాడు. మనిషి వెన్న, కాకపోతే నోరు ఆగదు. లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుపోతే తలుపు తెరిచేదాకా వాళ్ళకి ధైర్యం చెప్పాలి కదా, ఆ ధైర్యం చెప్పే పేరుతో కూతురి సంగతంతా ఏకరువు పెడతాడు. "మా డాక్టరమ్మ ఉందండీ" అని మొదలుపెడతాడు. లోపల ఉన్నవాళ్ళు పారిపోదామన్నా దారి ఉండదు. అలా ఊళ్ళో ఏ మేడలో చూసినా, ఏ అంతస్తులో చూసినా మా పిల్ల ఎప్పుడో డాక్టరయిపోయింది. కాలేజీలోనే ఇంకా కాలేదు.

వచ్చిన కొత్తలో పిల్ల నిద్రపోయింది. అదేం నిద్రో తల్లీ, నేనెరగను. పొద్దున లేపితే లేచి, నాలుగు మెతుకులు కతికి, నోళ్ళ గదిలోని బల్ల మీద తల వాల్చి మళ్ళీ నిద్రపోయేది. నిద్రలో చెంప మీద ప్లాస్టరు పొడి రాలేది. చూడ్డానికి అది కూడా ఎవరో పోతపోసి ఆరబెట్టిన పిల్లలా ఉండేది. నాకు జాలేసేది, కోపమూ వచ్చేది.

"ఏమే, నిద్రలోనే చదివేస్తున్నావా ఏంటి?" అన్నాను ఒక మధ్యాహ్నం.

కళ్ళు తెరవకుండానే చెప్పింది. "రిజల్టు చూడగానే నాకు ఏడుపు రాలేదత్తా. నిద్రొచ్చింది. హమ్మయ్య అనిపించింది. తర్వాత నాన్న ముఖం చూశాను. అప్పుడొచ్చింది ఏడుపు."

"అంటే నీకు డాక్టరవ్వాలని లేదా?"

"ఏమో అత్తా. ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు."

లేచి దాని జుట్టులో పడ్డ పొడి దులిపాను.

ఫోన్లో సలహాలకి మాత్రం కొదవ లేదు. ఒకాయన నర్సింగు అన్నాడు, ఒకావిడ ఫార్మసీ అంది. ఎవరో దూరపు బాబాయి "పశువుల డాక్టరు మాత్రం డాక్టరు కాదా" అన్నాడు. పిల్ల అందరికీ "సరే బాబాయ్, సరే పిన్నీ" అని ఫోను పెట్టేసి, కిటికీలోంచి ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు గాలికి ఉబ్బడం చూస్తూ కూర్చునేది. పిలిస్తే ఎక్కడినుంచో రావాల్సి వచ్చేది.

ఎలా మొదలైందో నాకూ సరిగ్గా గుర్తులేదు. ఒకరోజు మా ఆయన ప్లాస్టరు కలుపుతూ, చేతులు ఖాళీ లేక, గిన్నె దాని చేతిలో పెట్టాడు. అది పట్టుకుంది. కాసేపటికి "అత్తా, ఇది వెచ్చబడుతోంది" అంది ఆశ్చర్యంగా.

"గట్టిపడేటప్పుడు అంతే, వెచ్చబడుతుంది" అన్నాను.

గిన్నెని రెండు అరచేతుల మధ్యా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అందులోని వెచ్చదనమంతా పోయేదాకా కింద పెట్టలేదు. మర్నాటినుంచి పగటినిద్ర తగ్గింది. ప్లాస్టరు కలపడం, అంచులు చెక్కడం, మైనం కరిగించడం, ఒక్కొక్కటీ అడగకుండానే నేర్చుకుంది. మైనం వాసన నాకైతే తలనొప్పి. దానికి మాత్రం, కళ్ళు మూసుకుని పీల్చేంత ఇష్టం. ఆ మామా మేనకోడళ్ళు ఇద్దరూ మాట్లాడుకోకుండా బల్లకి చెరోవైపు కూర్చుని పనిచేస్తుంటే, నేను మధ్యలో ఏదో నీళ్ళ అడుగున తిరుగుతున్నట్టు తిరిగేదాన్ని. రేడియో పెట్టినా ఇద్దరికీ వినపడేది కాదు.

అప్పుడే మా వీధి చివర బట్టలు కుట్టే ఆవిడకి పై పళ్ళ సెట్టు కావాల్సి వచ్చింది. మా ఆయన ఆ పని పిల్లకే ఇచ్చాడు. రెండేళ్ళు పుస్తకాలు నమిలి మింగిన పిల్ల కదా, పన్ను ఎక్కడ ఎంత వంపు తిరగాలో దానికి కంఠతా వచ్చు. మైనంలో పళ్ళన్నీ గీత గీసినట్టు గుచ్చింది. చూస్తే ముచ్చటేసింది. ఆవిడ వచ్చి నోట్లో పెట్టుకుని అద్దం చూసుకుంది.

"చాలా బాగున్నాయమ్మా. ఇంతకీ ఎవరివి?" అంది.

"మీవేనండీ."

"నావైతే దారం పట్టాలిగా" అని, మేం వద్దనేలోపే సంచీలోంచి దారం ఉండ తీసి, పంటి కింద పెట్టి ఒక్క లాగు లాగింది. ఇంకేముంది, మైనంలోంచి ముందు పన్ను ఊడి, దారంతో సహా ఆవిడ ఒళ్ళో పడింది. నాకు నవ్వు ఆగలేదు. ఆవిడా నవ్వింది, ఆ ఖాళీలోంచి గాలి పోతూ. పిల్ల ముఖం మొదట మాడిపోయింది. తర్వాత అదీ నవ్వింది. మా ఇంటికి వచ్చాక అది నవ్వడం అదే మొదటిసారి.

ఆవిడ చెప్పిందేమిటంటే, జీవితమంతా దారం కొరికి కొరికి ఆవిడ ముందు పంటి అంచున చిన్న నొక్కు ఉండేదట. దారం వెళ్ళి సరిగ్గా దాంట్లోనే కూర్చునేదట. అది లేకపోతే నోరు తనది కానట్టుందట. పిల్ల పుస్తకంలో నొక్కు సంగతి లేదు. అది ఆ సాయంత్రం వెళ్ళి ఆవిడ కుట్టుమిషను పక్కన చాలాసేపు కూర్చుంది. ఆవిడ పెదవి ఎటు వంచుతుందో, దారం ఏ మూలనుంచి తీస్తుందో చూసొచ్చింది. వచ్చి, సన్నటి ఆకురాయితో ఆ పంటి అంచుని అరగదీసింది. మా ఆయన భూతద్దం పెట్టి చూసి "ఊఁ" అన్నాడు. మా పెళ్ళికి ఒప్పుకున్నప్పుడు కూడా ఆయన అంత గట్టిగా ఊఁ అనలేదు.

సెట్టు ఇచ్చేటప్పుడు "దారం కత్తెరతోనే కత్తిరించుకోండి, ఇది సొంత పన్ను కాదు" అని మా ఆయన మరీమరీ చెప్పాడు. ఆవిడ బుద్ధిగా తలూపింది. వినదని ముగ్గురికీ తెలుసు. ఆవిడ అద్దంలో చూసుకుని, నాలుకతో ఆ నొక్కుని తడిమింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పిల్ల ఆవిడనే చూస్తోంది. ఆ చూపు నేను అంతకుముందు దాని ముఖంలో చూడలేదు. ఎక్కడినుంచో పిలిస్తే వచ్చిన చూపు కాదది, ఇక్కడే ఉంది.

"అత్తా, నేనిక్కడే ఉండిపోతే?" అంది ఆ పూటే, చేతులు కడుక్కుంటూ. "దీనికీ ఒక కోర్సు ఉందట. పొద్దున చదువు, మధ్యాహ్నం మామయ్య దగ్గర పని."

నాకు సంతోషం కలిగిందో, భయమేసిందో ఇప్పటికీ చెప్పలేను. "ఉండు, నాకేం. మీ నాన్నకి ఎవరు చెప్తారు?" అన్నాను. అది కుళాయి కట్టేసి, తడిచేతులతో అలాగే నిలబడింది.

అన్నయ్య రానే వచ్చాడు. వచ్చినవాడు గుమ్మంలోనే జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఏమైందంటే, ఆయనకీ పై పళ్ళు మా ఆయన చేసిన సెట్టే. పొద్దున కడుక్కుంటుంటే జారి వాష్‌బేసిన్లో పడి రెండు ముక్కలైందట. కూతుర్ని దబాయించి తీసుకెళ్దామని వచ్చిన మనిషికి నూరుకోవడానికి పళ్ళే లేవు. "చెల్లెమ్మా, వాడేడీ?" అన్నాడు. ఆ మాటలో సగం గాలే.

మా ఆయన వృద్ధాశ్రమంలో ఎవరికో సెట్టు బిగించడానికి వెళ్ళాడు. అరలో చూస్తే అన్నయ్య పాత నోరు ఉంది, కానీ ఈలోగా చిగుళ్ళు కుంచించుకుపోయి ఉంటాయి, కొత్త అచ్చు తియ్యాలంది పిల్ల. "నేను తీస్తాను నాన్నా, కూర్చో."

"నీకొచ్చా?"

"కూర్చో."

ఆయన కూర్చున్నాడు. అది అచ్చు తీసే గులాబిరంగు పొడి నీళ్ళల్లో కలిపి, దవడ ఆకారపు ట్రేలో నింపి, ఆయన నోట్లో పెట్టి వేళ్ళతో పైకి అదిమి పట్టింది. "గట్టిపడేదాకా కదలకు. మాట్లాడకు. ముక్కుతో గాలి పీల్చుకో" అంది. నేను గిన్నె పట్టుకుని పక్కనే ఉన్నాను. గదిలో ఎండ, పొడి, అరల్లోంచి అన్ని నోళ్ళూ మావైపే చూస్తున్నాయి. ఎప్పుడూ మాటలతో నిండి ఉండే అన్నయ్య నోరు మొదటిసారి మాటకి చోటు లేకుండా నిండి ఉంది.

అప్పుడు చెప్పింది పిల్ల. "నాన్నా, నేను మళ్ళీ పరీక్ష రాయను."

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. ఊఁ ఊఁ అన్నాడు.

"కదలకు నాన్నా. నేను డాక్టర్ని అవ్వను. నాకు చేతకాక కాదు, ఇంకోసారి రాస్తే రావచ్చు. నాకు ఈ పని కావాలి. ఇది చేస్తుంటే నాకు నిద్ర రావట్లేదు. నువ్వు నన్ను డాక్టరమ్మా అని పిలిచినప్పుడల్లా, ఎవరినో పిలుస్తున్నావని పక్కకి చూసేదాన్ని. నీకు చెప్పాలంటే భయమేసింది. ఇప్పుడు కూడా భయంగానే ఉంది."

ట్రే పట్టుకున్న దాని వేళ్ళు మాత్రం కదల్లేదు. అన్నయ్య కళ్ళనుంచి నీళ్ళు చెంపల మీదుగా జారి దాని మణికట్టు మీద పడుతున్నాయి. నాకు ఆయన్ని చూడబుద్ధి కాలేదు, చూడకుండా ఉండలేకపోయాను. ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను. అంతమంది నోళ్ళున్న గదిలో ఒక్క మాట దొరకలేదు.

గట్టిపడ్డాక అచ్చు తీసి, కిటికీ వెలుగులో తిప్పి చూసింది. "కదిలావు. అంచంతా అలికినట్టయింది. పనికిరాదు."

అన్నయ్య నోరు పుక్కిలించి, రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా, ఆ గాలి మాటలతోనే అడిగాడు. "నేను మరీ తరిమానా?"

"కాస్త" అంది పిల్ల.

ఆయన తలూపాడు. మళ్ళీ కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇంకో అచ్చు తియ్యి. ఈసారి కదలను" అన్నాడు. "తొందరగా చెయ్యి. ఊళ్ళో ఇన్ని మేడలు, ఇన్ని అంతస్తులు. అందరికీ డాక్టరని చెప్పింది నేను, కాదని చెప్పాల్సిందీ నేనే. నువ్వు ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ పళ్ళు లేకుండా ఎలా చెప్పను?"

పిల్ల వెనక్కి తిరిగి పొడి కలపసాగింది. ఆయన నోరు తెరిచి కూర్చున్నాడు.