వెనకబడి పాడే పిల్ల

నిరోషా పాటలో ఒక లోపం ఉందని తాండూరు చర్చి క్వయర్‌లో అందరికీ తెలుసు. తాళం పడ్డాక అరక్షణం ఆగి గానీ ఆమె గొంతు పడదు. క్వయర్‌కు పాటలు నేర్పే ఎల్లప్ప సార్ హార్మోనియం ఆపేసి, కళ్లద్దాల పైనుంచి చూసి, మేమందరం ఇల్లు చేరినంక నువ్వు వస్తవా తల్లీ అని అడిగేవాడు. అమ్మాయిలు కిసుక్కుమనేవాళ్లు. నిరోషా తల దించుకునేది. మళ్లీ మొదలుపెట్టేవాళ్లు. మళ్లీ అరక్షణం వెనకే. పదకొండేళ్లు సార్ తిడుతూనే ఉన్నాడు, పిల్ల వెనకబడుతూనే ఉంది. గొంతు మాత్రం నిండు కుండలా ఉండేది కాబట్టి తీసేయడానికి ఆయనకూ మనసొప్పలేదు.

ఆ అలవాటు ఎక్కడిదో సార్‌కు తెలియదు. చెప్పినా నమ్మేవాడు కాదు.

నిరోషాకు నాలుగేళ్లప్పుడు తల్లి జ్వరంతో పోయింది. తండ్రి యాకోబు తాండూరులో బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ మీద పనివాడు. పొద్దున తడి బురదలో నిలబడితే సాయంత్రానికి మోకాళ్ల దాకా తెల్లగా అయ్యేవాడు. పసిపిల్లను పెట్టుకుని ఒంటి మగాడు ఏం చేస్తాడు? బంట్వారం దగ్గర పల్లెలో ఉన్న తన తల్లి భాగమ్మ దగ్గర దింపి వచ్చాడు. భాగమ్మ కంది చేలలో కలుపుకు పోయే మనిషి. అక్షరం ముక్క రాదు గానీ పాటంటే ప్రాణం.

ఆ పల్లెలో చర్చి అంటే రేకుల కప్పుతో ఒక గది. ఆదివారం నలభై మంది కూర్చుంటే అందులో చదువు వచ్చినవాళ్లు పదిమంది ఉంటే గొప్ప. అందుకని పుస్తకం పట్టుకున్నవాళ్లు ఒక చరణం గట్టిగా చదివేవాళ్లు, అందరూ దాన్ని అందుకుని పాడేవాళ్లు, ఆ తర్వాత ఇంకో చరణం. దాన్ని అక్కడ పాట అందించడం అంటారు. అందించే పెద్దాయన కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోయిన ఏడాది, రెండో తరగతి చదివే మనవరాలిని భాగమ్మ స్టూలు మీద నిలబెట్టింది. పుస్తకం పిల్ల మొహం కంటే పెద్దగా ఉంది.

అందించేవాళ్లకు ఒక కష్టం ఉంటుంది. చరణం చదివి ఊపిరి తీసుకునేలోపు జనం పాట ఎత్తుకుంటారు, వీళ్లు చివర కలవాలి. ఆ నలభై మందిలో అందరికంటే నిదానం భాగమ్మ. ఒక్కో మాటను సాగదీసి, నమిలి, వదల్లేక వదిలేది. నిరోషా ఆమె కోసం ఆగేది. ఆగొద్దని ఎవరైనా అంటే భాగమ్మ ఊరుకునేది కాదు.

"అందర్నీ పాటల ఎక్కించినంకనే నువ్వెక్కాలె బిడ్డా," అనేది, పాట కూడా కూలీలను ఎక్కించుకునే ట్రాక్టరే అన్నట్టు.

అట్లా ఆరేళ్లు. ఏడో తరగతి అయ్యాక యాకోబు కూతుర్ని తాండూరు తీసుకొచ్చుకున్నాడు. అప్పటికి ఆయన చర్చిలో సంఘపెద్ద అయ్యాడు. మాట తక్కువ, పట్టు ఎక్కువ. సారా పేరెత్తితే చాలు, లేచి వెళ్లిపోయేవాడు. అన్న హనుమంతు తాగి తాగి, ముప్పై ఆరేళ్లకే ఆయన చేతుల్లోనే ప్రాణం వదిలాడు మరి. ఆ బాధ ఎంతటిదో ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పేవాళ్లు కాదు.

నిరోషా రోజూ రైల్లో వికారాబాద్ పోయి డిగ్రీ చదివింది. అక్కడే ఒక బీమా ఏజెంటు ఆఫీసులో టైపు పనికి కుదిరింది. ఆదివారం క్వయర్. జీవితం ఆ దారినే పోయేది, ఒక డిసెంబరులో క్వయర్‌ను హైదరాబాద్ హోటల్‌వాళ్లు పిలవకపోతే.

బేగంపేటలో పెద్ద హోటల్. పండగ ముందు వచ్చే అతిథుల కోసం లాబీలో క్రిస్మస్ పాటలు పాడాలన్నారు. ఎల్లప్ప సార్ కొత్త కోటు వేసుకున్నాడు. అమ్మాయిలంతా తెల్ల చీరలు. పాడారు, కేకు తిన్నారు, ఫోటోలు దిగారు. సంఘపెద్దల్లో పెద్దవాడైన శంకరప్ప కూడా వచ్చి రెండు ముక్కలు కేకు తిన్నాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఆ హోటల్ పేరెత్తితేనే పాపమన్నది కూడా ఆయనే.

వ్యాను ఎక్కబోతూ చూస్తే నిరోషా లేదు. లాబీ పక్కనున్న బార్ గది తలుపు దగ్గర నిలబడిపోయి ఉంది. లోపల నలుగురు వాయిస్తున్నారు, ఒకామె కళ్లు మూసుకుని పాడుతోంది. తాళం ముందు వెళ్లిపోతోంది. ఆమె మాత్రం తాపీగా, తనకు తోచినప్పుడు వెనకాల వస్తోంది. ఎవరూ తిట్టడం లేదు. పైగా బల్లల దగ్గర కూర్చున్నవాళ్లు ఊగుతున్నారు. నిరోషా గడప దాటి లోపలికి వచ్చింది. పాట ఆగగానే వెళ్లి పియానో ముందున్న కుర్రాణ్ని, ఆమె ఆలస్యంగా పాడుతుంటే మీరేమీ అనరా అని అడిగింది.

అతని పేరు నిఖిల్. నవ్వాడు. ఆలస్యం కాదు, కావాలనే వెనక నడుస్తోంది, దీన్ని జాజ్ అంటారు, ఆ నడక కోసమే జనం వస్తారు అన్నాడు. అదే తప్పుకు పదకొండేళ్లుగా తిట్లు తింటున్నానని నిరోషా చెప్పింది. అతను నవ్వడం ఆపి ఫోన్ నంబరు అడిగాడు.

రెండు నెలలకు, వాళ్ల గాయని బెంగళూరు వెళ్లిపోయిందనీ, ఒకసారి వచ్చి పాడి చూపించమనీ కబురు వచ్చింది. నిరోషా ఒక ఇంగ్లీషు పాటను తెలుగు అక్షరాల్లో రాసుకుని వారం రోజులు రైల్లో బట్టీ పట్టింది. తీరా అక్కడ నిలబడ్డాక, పియానో మొదలవగానే, చేతిలో కాగితం ఉండటమే కొంప ముంచింది. మొదటి చరణాన్ని రేకుల గదిలో నలభై మందికి వినిపించేంత గట్టిగా గబగబా చదివేసింది. చదివి ఆగింది. వాళ్లు అందుకుంటారని ఎదురు చూసింది.

ఎవరందుకుంటారు? డ్రమ్ములాయన గిటారాయన వైపు చూశాడు. గిటారాయన నేల చూపులు చూశాడు. నిరోషా మొహం కందిపోయింది. భూమి నోరు తెరిస్తే బాగుండుననిపించింది. అప్పటికే పాట సగం వీధి దాటిపోయింది. ఇక చేసేదేమీ లేక, ఆ చరణాన్ని ఉన్నచోటి నుంచే ఎత్తుకుంది. భాగమ్మ సాగదీసినట్టే సాగదీసి, ఆఖరి మాటను తాళం పడ్డ చాలా సేపటికి దించింది.

నిఖిల్ వాయించడం ఆపలేదు. రెండోది కూడా అట్లాగే చదివి పాడమన్నాడు. మూడో చరణానికి శాక్సఫోన్ వాయించే ఆయన ఆ ఖాళీలోకి దూరి, ఆమె చదివిన మాటకు జవాబు చెప్పినట్టు వాయించాడు. అందుకునేవాళ్లు దొరికారు. ఇక నిరోషాకు ఎవరి భయమూ లేకపోయింది. అయిపోయాక, ఇది ఎక్కడ నేర్చుకున్నావని నిఖిల్ అడిగాడు. మా అవ్వ దగ్గర అంది.

వెంటనే అందలం ఎక్కించారనుకునేరు. అదేమీ లేదు. శుక్రవారం శుక్రవారం సాయంత్రం రెండు గంటలు పాడాలి. మొదటి మూడు నెలలు ఆమె పాటకంటే ప్లేట్ల చప్పుడే ఎక్కువ వినిపించింది. ఇంగ్లీషు మాటలు నాలుక తిరిగేవి కావు. నిఖిల్ ఒక్కో మాటకు అర్థం చెప్పి మరీ నేర్పాడు, ఆమె వికారాబాద్ దాటేదాకా గొణుక్కుంటూ వచ్చేది. మాటలు లేకుండా వట్టి అక్షరాలతో గొంతును పరుగెత్తించే చోట మాత్రం ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. మెల్లగా జనం ఫోర్కులు కింద పెట్టడం మొదలుపెట్టారు. చరణం ముందు చదివి పాడే అమ్మాయి అని శుక్రవారాలు అడిగి మరీ వచ్చేవాళ్లు. ఏడాది తిరిగేసరికి పుణె పిలిచింది, ఆ తర్వాత బెంగళూరు. రెండో ఏడు ముంబైలో పది రోజుల జాజ్ పండగకు పాడమని ఉత్తరం వచ్చింది. అది దొరకాలని పెద్ద పెద్ద గాయకులే కాచుకుని ఉంటారని నిఖిల్ చెప్పాడు.

ఇంట్లో మాత్రం హైదరాబాద్‌లో పిల్లలకు పాటలు నేర్పుతున్నానని చెప్పింది. శుక్రవారం రాత్రి స్నేహితురాలు దేవిక హాస్టల్లో ఉండి శనివారం పొద్దున బండికి తాండూరు చేరేది. తండ్రి అన్నం వండి పెట్టి ఉండేవాడు. ఆ అన్నం తింటుంటే తన అబద్ధమే గుర్తొచ్చేది. ఇవ్వాళ చెబుతా, రేపు చెబుతా అనుకుంటూనే ఏడాదిన్నర గడిపింది.

చివరికి పేపరు చెప్పింది. వికారాబాద్ జిల్లా అమ్మాయి, జాజ్ గాయని అని పెద్ద ఫోటో వేశారు. ఫోటోలో నిరోషా కళ్లు మూసుకుని పాడుతోంది. వెనక గోడంతా సీసాలు. ఫోటోగ్రాఫర్‌కు వేరే గోడే దొరకలేదు కాబోలు.

ఆ రోజు నిరోషా తండ్రి ముందు కూర్చుని అంతా చెప్పింది. తాగలేదనీ, ఎవరూ ఒక్క మాట తప్పుగా అనలేదనీ చెప్పింది. యాకోబు పేపరు మడిచి పెట్టాడు. అప్పటి నుంచి నెల రోజులు మాట్లాడలేదు. శుక్రవారం పోతుంటే ఆపలేదు, శనివారం వస్తే పలకరించలేదు. అన్నం మాత్రం వండి పెట్టాడు. తిట్టినా బాగుండేదని నిరోషా ఏడ్చింది.

సంఘం నియమం పాతదే. మందు పోసేచోట పాడినవాళ్లు క్వయర్‌లో నిలబడకూడదు, అట్లాంటి చోట కూర్చున్నవాళ్లు సంఘపెద్దగా ఉండకూడదు. లాబీలో పాడితే సువార్త, పక్క గదిలో పాడితే పాపమా అని అడిగేవాళ్లు లేరు. ఇకమీదట అక్కడ పాడనని నిరోషా ఉత్తరం రాసిస్తే సంఘం రిజిస్టరులో పేరు ఉంచుతామన్నారు. లేదంటే పేరు కొట్టేస్తారు. ఆ కొట్టివేతను ఆదివారం అందరి ముందూ చదవాల్సింది సంఘపెద్దల్లో వంతు వచ్చినవాడు. వంతు యాకోబుది.

అదే ఆమెను కూల్చేసింది. ముంబై పోతే పోయింది. పాట పోయినా ఎట్లాగో బతకొచ్చు. ముప్పై ఏళ్లు తలెత్తుకు తిరిగిన మనిషి కన్నకూతురి పేరు తన నోటితోనే కొట్టేయాలా? నిఖిల్‌కు రానని ఫోన్ చేసి చెప్పేసింది. అతను, రేపటిదాకా ముంబైకి చెప్పను, ఆలోచించుకో అన్నాడు.

ఆ సాయంత్రం చర్చి పక్క గదిలో కూర్చున్నారు. సంఘపెద్దలు ఐదుగురు, ఎల్లప్ప సార్, నిరోషా. ఉత్తరం ముందే టైపు చేసి ఉంది. శంకరప్ప చెడ్డవాడేమీ కాదు. పెన్ను ఇస్తూ, నీ మంచికే బిడ్డా అని మెల్లగానే అన్నాడు. నిరోషా పెన్ను మూత తీసింది.

"ఆగు," అన్నాడు యాకోబు.

నెల రోజుల తర్వాత విన్న మొదటి మాట అది. ఆయన లేచి నిలబడ్డాడు.

"శంకరప్పన్నా, ముందు నా పేరు కొట్టెయ్. నేను గూడ పోయిన ఆ హోటల్కు. ఒక్కసారి గాదు, మూడు శుక్రారాలు."

నిరోషా పెన్ను కింద పెట్టింది. యాకోబు తల వంచుకుని, తప్పు ఒప్పుకునేవాడిలా చెప్పుకుపోయాడు. మొదటిసారి జుట్టు పట్టి గుంజుకొద్దామని పోయాడట. చెప్పులు చూసి గేటు దగ్గర ఆపితే, లోపల పాడేది నా బిడ్డ అన్నాడట. చివరి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. నిమ్మకాయ సోడా తెప్పించుకుని, చుట్టూ గ్లాసులు చూస్తే చచ్చిపోయిన అన్నే గుర్తొచ్చి లేచిపోబోయాడట. అంతలో నిరోషా పాట ఎత్తుకుంది. వారం ఆగి మళ్లీ పోయాడు. మళ్లీ పోయాడు. ఆ రాత్రులు స్టేషన్ బెంచీ మీద పడుకుని, తెల్లారి మొదటి బండికి వచ్చి అన్నం వండాడు.

"ఆ ఇంగ్లీషు నాకొక్క ముక్క అర్థం గాలే," అన్నాడు. "నిరోషా వాళ్లమ్మ పోయిన్నాడు పసిపిల్ల బెదురుతదని ఏడ్వలే. ఇరవై రెండేండ్లు ఏడ్వలే. ఆడ కూసోని ఏడ్సిన. అది పాపమంటే నాదీ పాపమే, రాసుకో."

ఎల్లప్ప సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. శంకరప్ప రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాడు. నియమం నియమమే యాకోబూ అన్నాడు. రెండు పేర్లూ కొట్టేశాడు, తండ్రిది ముందు, కూతురిది తర్వాత. ఆదివారం ఎవరు చదవాలన్నది ఎవరూ ఎత్తలేదు.

నిరోషా సంతకం లేని ఉత్తరాన్ని బల్ల మీదే వదిలేసి బయటికి వచ్చింది. ఏడుపు ఆగడం లేదు. మెట్ల మీద కూర్చుని యాకోబు చెప్పులు తొడుక్కుంటున్నాడు. పోయిన పెద్దరికం గురించి ఒక్క మాట అన్లేదు. కూతురు పక్కన కూర్చుని, నాయినా అని పిలిచింది.

"ఇగ దొంగతనంగ పోవుడు తప్పింది," అన్నాడాయన లేస్తూ. "శుక్రారం ఇద్దరం ఒకటే బండికి పోదం."