బొచ్చు రాలే కాలం

మొన్న మా కోడలు ఓ పార్సిలు విప్పింది. రబ్బరు పిడి, కొసలు వంగిన సన్నటి ఇనప పళ్ళు, పైన ఓ మీట. మీట నొక్కితే పళ్ళలో చిక్కుకున్న జుట్టంతా అట్టులా ఊడి బయటికొస్తుంది. కుక్కకు దువ్వెనట! వాళ్ళింట్లో మూడేళ్ళుగా గోధుమరంగు బొచ్చుకుక్క ఒకటి ఉంది. నేనీమధ్యే వాళ్ళ దగ్గరికొచ్చి ఉంటున్నాను కాబట్టి ఆ పిల్లకు లోలోపల బెంగ. ఎండలు మొదలయ్యాయి, ఇంట్లో ఎటు చూసినా బొచ్చే. సోఫా మీద, పరుపు మీద, నా నల్లంచు చీర మీద, చివరికి నా కళ్ళజోడు మీద కూడా. "అత్తయ్యా, మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండి, ఈ రెండు నెలలూ దీన్ని మా ఫ్రెండు ఇంట్లో వదిలేస్తాం" అని రోజుకోసారి అంటుంది, మొహం చిన్నబుచ్చుకుని. ఆ దువ్వెన తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. అరవై ఏళ్ళ కిందట జగ్గయ్యపేటలో ఇలాంటిది దొరికి ఉంటే, ఏనాడూ దేవుడికి దణ్ణం పెట్టని మా మామగారు దీనికి మాత్రం కొబ్బరికాయ కొట్టి ఉండేవారు.

మా పుట్టిల్లు నందిగామ. పెళ్ళయి జగ్గయ్యపేట కాపురానికి వచ్చేనాటికి నాకు పంతొమ్మిది. బస్సెక్కితే గంటలో వచ్చిపడే ఊరికి పంపుతూ మా అమ్మ సముద్రాలు దాటిస్తున్నట్టు ఏడ్చింది. మా వారికి బెజవాడలో ఉద్యోగం. శనివారం సాయంత్రం దిగి సోమవారం తెల్లారుతూనే బస్సెక్కేవారు. కాబట్టి ఆ నాపరాళ్ళ ఇంట్లో మిగిలిన రోజులన్నీ మేం ముగ్గురం: అత్తగారు, మామగారు, నేను. అత్తగారు మాటల మనిషి. వంటింట్లోంచి మాట్లాడితే వీధరుగు మీద వాళ్ళు జవాబు చెప్పేవారు. మామగారు హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. పిల్లలకు చెప్పాల్సిన మాటలన్నీ చెప్పేశాక ఇక పెద్దవాళ్ళతో మాట్లాడటానికి ఏమీ మిగలనట్టు ఉండేవారు. నాలుగో ప్రాణి టైగరు. మా వీధి వాటాలో అద్దెకున్న ఇంజనీరు, బదిలీ మీద ఎక్కడో ఒరిస్సా పోతూ, "మేస్టారూ, నాలుగు రోజులు చూడండి, మనిషిని పంపిస్తా" అని కట్టేసి వెళ్ళిన ఆల్సేషన్ కుక్క. ఆ మనిషి ఎప్పటికీ రాలేదు. రాకపోతే బాగుండునని మామగారు ఎంత కోరుకున్నారో నాకు తెలీదు గానీ, గేటు చప్పుడైతే చాలు ఆయన మొహంలో రంగు మారేది.

ఊళ్ళో కుక్కలు లేవా అంటే బోలెడు. వాటి ఒంటి మీద జుట్టు ఉందో లేదో కూడా ఎవరూ చూసి ఎరగరు. ఇదలా కాదు. ఫాల్గుణం దాటి ఎండ చురుక్కుమనగానే దీని ఒళ్ళు ఊడిపోవడం మొదలైంది. ముట్టుకుంటే గుప్పెడు, విదిలించుకుంటే బుట్టెడు. నేను పొద్దున ఊడ్చి, మధ్యాహ్నం ఊడ్చి, దీపాలవేళ మళ్ళీ ఊడ్చినా, చీపురు మూల పెట్టి తిరిగేసరికి గుమ్మం పక్క ఓ ఉండ దొర్లుతూ ఉండేది. ఇంత జుట్టు పోయినా కుక్క బట్టతల కాలేదేమిటి అన్నది మామగారి సందేహం. భూతద్దం తెచ్చుకుని అరుగు మీద దాన్ని పడుకోబెట్టి, పాయలు పాయలుగా విడదీసి చూసేవారు. ఓ రోజు నన్ను కేకేశారు. పెళ్ళయ్యాక ఆయన నన్ను పనిగట్టుకుని పిలవడం అదే మొదలు. "అమ్మాయ్, ఇటు రా. దీనికి రెండు జుట్లున్నాయి చూడు!" నిజమే. పైన ముదురుగా, బిరుసుగా ఒకటి. దాని అడుగున జిల్లేడు దూదిలా లేత రంగు ఉన్ని ఒకటి. రాలుతున్నదంతా ఆ అడుగుదే. ఇద్దరం తలలు ఆనించుకుని ఆ అద్దంలోంచి ఎంతసేపు చూశామో! లోపల పాలు పొంగిపోయాయి. అత్తగారు ఊరుకుంటారా మరి.

పాలతోనే పోతే బాగుండేది. ఆ మర్నాడే మామగారి మజ్జిగ గ్లాసులో ఓ వెంట్రుక తేలింది. అత్తగారు గ్లాసు గోడకేసి కొట్టలేదు గానీ, అంతకంటే భయంకరమైన పని చేశారు: గొంతు తగ్గించి మాట్లాడారు. "ఇదిగో, ఇద్దరూ వినండి. ఇంకో నెల్లో ఆవకాయ పెట్టుకోవాలి. ఏడాది పొడుగునా తినే పచ్చడి. జాడీ తెరిచిన రోజు దాంట్లో ఒక్క వెంట్రుక కనబడిందా, మీ టైగరు చందర్లపాడు పోతుంది. తమ్ముడు మిరప చేలో కాపలాకి మంచి కుక్క కావాలని ఎప్పణ్ణుంచో అడుగుతున్నాడు." చందర్లపాడు మిరప చేనంటే చెట్టు నీడ కూడా లేని నల్లరేగడి. మామగారు ఆ పూట కంచంలో సగం అన్నం వదిలేసి లేచిపోయారు. టైగరు లేకపోతే ఈయన పూర్తిగా మూగవాడైపోతారేమోనని నాకు భయం పట్టుకుంది. ఇంకో స్వార్థం కూడా ఉంది, చెప్పుకుంటే తప్పేముంది! కొత్తింట్లో నాతో వేళాకోళం చెయ్యకుండా, వంకలు పెట్టకుండా, ఊరికే నా పక్కన కూర్చునే ప్రాణి అదొక్కటే.

ముందు నా పెట్టెలోని పేలదువ్వెన తీశాను. మా అమ్మ సారెలో పెట్టిన కొత్త కొయ్య దువ్వెన. రెండు దువ్వులకే నాలుగు పళ్ళు విరిగి టైగరు వీపు మీదే ఉండిపోయాయి. తర్వాత గేదెల్ని తోమే కొబ్బరిపీచుతో రుద్దాం. దానికి హాయిగా ఉన్నట్టుంది, వెల్లకిలా పడుకుని కాళ్ళెత్తింది తప్ప అడుగు ఉన్ని కదల్లేదు. అప్పుడు మామగారికి తట్టింది, ఇంకెవరికీ తట్టని ఆలోచన. ఎండాకాలం చిన్నపిల్లలకు చెమటకాయలు పేలకుండా గుండు చేయించి గంధం పూస్తాం కదా, కుక్కకు మాత్రం ఎందుకు చేయించకూడదు? అందరికీ బ్రహ్మాండంగా ఉందనిపించింది. మంగలి వచ్చాడు, మిషను తెచ్చాడు. మెడ దగ్గర మొదలుపెట్టి తోకదాకా వీపు మీద బెత్తెడు వెడల్పున ఒక్క చాలు తీసేసరికి మిషను నిండా ఉన్ని పట్టేసి బిగుసుకుపోయింది. "మేస్టారూ, ఈ లెక్కన నా మిషనుకే గుండయ్యేట్టుంది, నన్నొదిలెయ్యండి" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. "కుక్కకు గంధమేమిటి, రేపు బొట్టు కూడా పెట్టమంటారు" అని గొణుగుతూనే అత్తగారు సాన మీద గంధం తీసిచ్చారు. ఆ చాలు పొడుగునా పూశాం. నడుస్తూంటే వీపు మీద తెల్లటి రోడ్డు. వీధిలో పిల్లలు దాన్ని "హైదరాబాదు రోడ్డు" అని పిలవసాగారు.

నవ్వులు రెండు రోజులే. జగ్గయ్యపేట ఎండ సంగతి తెలిసిన వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు, నాపరాయి మీద నీళ్ళు చల్లితే సుయ్యిమనేది. మూడో రోజుకు ఆ చాలు ఎర్రగా కమిలి, బొబ్బలెక్కింది. టైగరు మంచం కింద దూరి బయటికి రాలేదు. మామగారు కొబ్బరినూనె గిన్నె పట్టుకుని మంచం పక్కన నేల మీద కూర్చుని, "తప్పయిపోయిందిరా, నాదే తప్పు" అని దాని చెవిలో చెప్పడం నేను విన్నాను. ఆ మనిషి అలా కూర్చోవడం చూసి నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

ఆ వారంలోనే నేను నందిగామ వెళ్ళి వస్తూ బస్టాండులో దిగాను. అక్కడ జట్కా తోలే తాత ఒకాయన తన గుర్రాన్ని రుద్దుతున్నాడు. చేతిలో ఇనప పలక, దాని మీద వరసలు వరసలుగా పొట్టి పళ్ళు. ఒక్కో విసురుకి గుర్రం ఒంటి నుంచి గుత్తులు గుత్తులుగా జుట్టు రాలిపడుతోంది. నేను నిలబడిపోయాను. హెడ్మాస్టరుగారి కోడలు నడిబజార్లో గుర్రం ముందు నోరు తెరుచుకు నిలబడిందని సాయంత్రానికల్లా ఊరంతా అనుకున్నారట, అనుకోనీ! నేను సంగతంతా చెప్పాను. ఆయన నన్ను జట్కాలో ఇంటికి తెచ్చి దింపి, టైగరు వీపు చూసి తల పట్టుకున్నాడు. "ఎంత పని చేశారు మేస్టారూ! పైజుట్టు దానికి గొడుగు. గొడుగు పీకేసి ఎండలో నిలబెట్టారు. గుర్రానికీ అంతే, లోపలి ఉన్ని ఎండాకాలం అదే వదిలేస్తది. వదిలేసేదాన్ని తీసుకోవాలె, పట్టుకున్నదాన్ని పీకొద్దు." తన దగ్గర అరిగిపోయిన పాత పలక ఒకటుంటే ఇచ్చాడు. పళ్ళు అరిగి మొండిగా ఉన్నాయి కాబట్టి కుక్క చర్మానికి అదే మంచిదన్నాడు.

ఇక చూడండి మా సంబరం. రోజూ తెల్లవారి, ఎండ రాకముందే, పెరటి గోడ దగ్గర మేమిద్దరం. ముందు కొబ్బరిపీచుతో జుట్టు వాలుకు ఎదురు రుద్ది ఉన్నిని వదులు చెయ్యడం నా పని. తర్వాత పలకతో వాలుకు మెల్లగా లాగడం మామగారి పని. కమిలిన చోటు తప్పించి, పొట్ట కింద చేత్తో ఏరి, చివర్న తడిచేత్తో ఒళ్ళంతా నిమిరి మిగిలిన నలుసు తీసెయ్యడం. మామగారు ఏ రోజు ఎంత ఊడిందో పాత హాజరు పుస్తకంలో రాసేవారు: "తొడలు, ఎక్కువ. మెడ, తగ్గుతోంది. తోక, ఇంకా ఒప్పుకోవడం లేదు." ఆ పావుగంటలో ఆయన నాకు చెప్పిన కబుర్లు అంతకుముందు ఏడాది మొత్తంలో చెప్పలేదు. ఊడిన ఉన్నిని గోడ వారగా గుట్ట పోసేవాళ్ళం. రెండు వారాలకు ఇంట్లో ఉండలు దొర్లడం ఆగిపోయింది. అత్తగారు తలుపుల వెనక వేలితో రాసి చూసుకుని, ఏమీ దొరక్క, "ఊఁ" అన్నారు.

రోహిణికార్తెలో ఆవకాయ పెట్టారు. టైగర్ని మూడు రోజులూ గేదెల పాకలో కట్టేశాం. ముక్కలు తుడవడం, ఆవపిండి జల్లించడం, కారం, నూనె, ఇంట్లో ఘాటుకు వీధిలో వాళ్ళు తుమ్మారు. మూడో రోజున అత్తగారు ఒక్కరే వంటింట్లో కూర్చుని జాడీ తిరగకలిపి, మళ్ళీ వాసెన కట్టారు. తర్వాతి బుధవారం చందర్లపాడు నుంచి వాళ్ళ తమ్ముడు దిగాడు, కొత్తావకాయ తినడానికి. చేతిలో కొత్త మోకు కూడా తెచ్చుకున్నాడు. "ఏం బావగారూ, ఇస్తారా కుక్కని?" అని నవ్వుతూ కూర్చున్నాడు. మామగారు నవ్వలేదు. వడ్డించేది నేను. జాడీలో గరిటె పెట్టి మొదటి ముక్క తీశాను. ఎర్రటి నూనెలో, ముక్క అంచున, లేత రంగు వెంట్రుక.

టైగరు ఆ గుమ్మం తొక్కలేదు, గాలి ఇటు లేదు, ఎలా వచ్చింది? ఆలోచించే వ్యవధి ఎక్కడ! వేలితో లాగి గుప్పిట్లో దాచేసి, పైకి చూశాను. సరిగ్గా జాడీల పైన, దూలం మీద, పిచ్చిక గూడు. గూడంతా మెత్తగా, తెల్లగా, టైగరు ఉన్నితో. మేము బయట పోసిందంతా అవి ముక్కున కరుచుకుని లోపలికి మోసుకొచ్చాయన్నమాట! వడ్డన అయింది. తమ్ముడుగారు వేళ్ళు నాక్కుంటూ తిని, చివరికి టైగరుకి బదులు చిన్న జాడీడు ఆవకాయ పట్టుకుని వెళ్ళాడు. మామగారు ఆ పూట మూడుసార్లు అన్నం పెట్టించుకున్నారు. నేను మర్నాటి నుంచి ఉన్నిని పెంటకుప్పలో పాతిపెట్టాను, ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

టైగరు ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది. వీపు మీద రోడ్డు మళ్ళీ పూర్తిగా పూడలేదు. దాని తర్వాత మామగారూ వెళ్ళిపోయారు. అత్తగారు మంచాన పడ్డాక రోజూ నేనే ఆమె తల దువ్వేదాన్ని. ఓ సాయంత్రం దువ్వెనలో చిక్కిన తెల్ల వెంట్రుకలు చూసుకుని ఆమె ఉన్నట్టుండి నవ్వారు. "ఆ ఏడు ఆవకాయలో నువ్వు ఒక్కటే తీశావు కదే. తిరగకలిపిన రోజు నేను నాలుగు తీశా." నేను దువ్వెన పక్కన పెట్టేశాను. "పిచ్చికలు మోసుకొస్తుంటే నేను చూళ్ళేదనుకున్నావా? గుడ్లున్న గూడు ఎవరన్నా పీకుతారా?" మరి టైగర్ని పంపిస్తామని అంత గట్టిగా అన్నారేమిటి అత్తయ్యా అన్నాను. "అంటాం. అన్నవన్నీ చేస్తామా? అది వెళ్ళిపోతే ఆయన అన్నం తింటారా?" అని, "కానియ్, జడ వెయ్యి" అన్నారు. ఆ సంగతి ఆవిడ నాకు చెప్పడానికి పద్దెనిమిదేళ్ళు పట్టింది. నేను నవ్వాను, ఏడ్చాను; ఆవిడ వెనక కూర్చుని ఉన్నాను కాబట్టి సరిపోయింది.

నిన్న కోడలికి కొత్త దువ్వెన ఎలా వాడాలో చూపించాను, ముందు వాలుకు ఎదురు, తర్వాత వాలుకు. ఆశ్చర్యపోయింది. రాత్రి పప్పులో అన్నం కలుపుకుంటూంటే నా కంచంలో ఓ గోధుమరంగు వెంట్రుక కనిపించింది. మెల్లగా తీసి కొంగున ముడేశాను. ఎదురుగా కూర్చున్న కోడలు చటుక్కున తన కంచంలోకి తలొంచుకుంది. చూసిందో లేదో తెలీదు. పద్దెనిమిదేళ్ళు ఆగితే తెలుస్తుంది గానీ, ఈ వయసులో నాకంత వ్యవధి ఎక్కడిది!