పాస్‌పోర్టులో ఇంటిపేరు లేని యాదమ్మ గారితో దుబాయ్ వీసాకు వెళ్లిన రోజు

నార్సింగిలో మా అపార్ట్‌మెంట్ గేటుకు ఎదురుగా రోజూ సాయంత్రం ఆరింటికి జొన్నరొట్టెల పొయ్యి వెలిగించే యాదమ్మ గారికి పాస్‌పోర్టు ఉందన్న సంగతి నాకు ఈ వేసవిలోనే తెలిసింది. ఆవిడ చెల్లెలు సత్తెమ్మ, తన భర్త పోయాక దుబాయ్ వెళ్లి, పన్నెండేళ్లుగా అక్కడ ఒక బడి వంటశాలలో పనిచేస్తోంది. ఆమెకు గర్భసంచి ఆపరేషన్ చేయాలన్నారు, శుక్రవారం అని ఖాయమైంది. "కండ్లు తెరిచినప్పుడు మనోళ్లు ఒక్కలన్న కనవడాలె అంటది. నేను గాక ఎవరు పోతరు?" అన్నారు యాదమ్మ గారు రొట్టె తిప్పుతూ. చెల్లెలి పోరు పడలేక మూడేళ్ల కిందట పాస్‌పోర్టు తీసుకున్నారట, అప్పటి నుంచీ అది బీరువాలో చీరల కింద ఉంది. నాకు నాలుగు రోజుల సెలవు మిగిలి ఉంది, దుబాయ్ చూడాలని కూడా ఎప్పటి నుంచో ఉంది. "నేనూ వస్తానండి, వీసా సంగతి నాకొదిలేయండి" అన్నాను. అంత ధీమాగా ఎలా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

ధీమాకు కారణం నా ఉద్యోగం. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పద్నాలుగేళ్లుగా నేను చేసేది ఫారాలను పరీక్షించడమే. ఎక్కడ ఏ గడి ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందో చూసి, తప్పుంటే రాసిపెట్టడం నా పని. కాబట్టి ఆన్‌లైన్‌లో రెండు వీసా దరఖాస్తులూ నేనే నింపాను. నాది పది నిమిషాల్లో అయిపోయింది. మాది రాజమండ్రి దగ్గర, గడిలో పట్టనంత పొడుగు ఇంటిపేరు. యాదమ్మ గారి పాస్‌పోర్టులో మాత్రం ఇంటిపేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు. పేరు దగ్గర యాదమ్మ, అంతే. ఇంటిపేరు గడి నింపనిదే ఫారం ముందుకు కదలనంది. నేనేం చేశానంటే, రెండు గడుల్లోనూ యాదమ్మ అనే కొట్టేశాను. విమానం టికెట్టు మీదా యాదమ్మ యాదమ్మ అనే వేయించాను. సోమవారం సాయంత్రం నా వీసా వచ్చింది. ఆవిడ దరఖాస్తు తిరిగి వచ్చింది. మా విమానం గురువారం పొద్దున్న.

మంగళవారం నేను ఆఫీసుకు సెలవు పెట్టి, తెలిసినవాళ్లు చెప్పిన మాదాపూర్ ట్రావెల్ ఏజెంటు దగ్గరికి ఆవిడను తీసుకుని బయల్దేరాను. మా వైపు నుంచి వెళ్లేవాళ్లకు ఒక మాట. తొమ్మిది దాటితే గచ్చిబౌలి మీదుగా మాదాపూర్ దాకా కారులో పోవడం కంటే, ఆటోలో రాయదుర్గం వరకు వెళ్లి మెట్రో ఎక్కడం నయం. ఎనిమిదిన్నరకు బయటికొస్తే ఆటో రెండు వందల ఇరవై అడిగాడు. రాయదుర్గం నుంచి మాదాపూర్ స్టేషన్‌కు పది నిమిషాలు కూడా పట్టదు, టికెట్లు ఇద్దరికీ కలిపి యాభై లోపే. ఆటోవాలా అద్దంలోంచి చూస్తూ, "యాడికి అమ్మా, గింత పొద్దుగాల్నే కాయితాలు పట్టుకొని పోతున్నరు, దవాఖానకా?" అన్నాడు. "దవాఖానకే బిడ్డా, గని అది దుబాయ్‌ల ఉన్నది" అన్నారు యాదమ్మ గారు. దిగేటప్పుడు అతను, "ఫికర్ చెయ్యకు అమ్మా, అయితది" అన్నాడు. నేను ఏ ప్రయాణంలోనూ ఆటోవాళ్ల ఓదార్పును ఇంత గట్టిగా పట్టుకుని వేలాడలేదు.

ఏజెంటు ఆఫీసు ఒక హాస్టల్ కింద, జిరాక్స్ దుకాణానికీ ఫొటో స్టూడియోకూ మధ్య ఉంది. ఆయన పేరు జిలానీ, యాభై దాటి ఉంటాయి. పది గంటలకు మా వంతు వచ్చింది. తిరిగొచ్చిన దరఖాస్తును చూడగానే కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "మేడం, రెండు సార్లు యాదమ్మ అని ఎందుకు రాసిండ్రు? పాస్‌పోర్టుల లేనిది రాస్తే వాళ్లు ఒప్పుకోరు. ఒక్క పేరే ఉన్న పాస్‌పోర్టుకు టూరిస్ట్ వీసా అసల్కే ఇయ్యరు" అన్నారు. ఫారాల పరీక్షలో పద్నాలుగేళ్ల అనుభవం ఉన్న మనిషిని, తల వంచుకుని విన్నాను.

తర్వాత ఆయన యాదమ్మ గారి వైపు తిరిగి చాలా మామూలుగా అడిగారు. "మీ ఇంటిపేరు ఏందమ్మా?"

"ఏ ఇంటిది?" అన్నారావిడ.

"పెండ్లయినంక ఆయన ఇంటిపేరే ఉంటది గద."

"ఆ ఇల్లు ఇడిచిపెట్టి ఇరవై ఏండ్లు దాటింది."

"సరే, పుట్టినింటిది చెప్పుండ్రి."

"ఆ ఇంటోళ్లు నువ్వు ఇగ మా ఇంటిదానివి కాదన్నరు. గందుకే పాస్‌పోర్టు కాడ అడిగితే ఖాళీగ ఇడిచిపెట్టుమన్న."

ఆవిడ గొంతులో ఏ మార్పూ లేదు. విదేశీ కంపెనీ ఒకటి తమ ఫారం పరీక్షించమని పంపితే, ఇంటిపేరు లేకుండా ఎవరైనా ముందుకు పోగలుగుతున్నారా అని చూసి, పోగలిగితే అది ఫారంలో తప్పని రాసిపెట్టింది నేనే. ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ గడి ఖాళీగా ఉండటానికి ఒక మనిషి బతుకులో కారణం ఉంటుందని ఒక్కసారీ తోచలేదు. సిగ్గేసింది.

పాస్‌పోర్టులో ఇప్పుడు ఇంటిపేరు చేర్చాలంటే అఫిడవిట్లు, పత్రికా ప్రకటన, కొత్త పాస్‌పోర్టు, ఎంత పరుగెత్తినా వారాలు పడుతుందన్నారు జిలానీ గారు. అలా అంటూనే పాస్‌పోర్టును చివరి పేజీకి తిప్పారు. నేను ఒక్కసారి కూడా చూడని పేజీ. అక్కడ తండ్రి పేరు నర్సయ్య అని ఉంది. "హమ్మయ్య. పరేషాన్ కాకుండ్రి. చివరి పేజీల నాయన పేరు ఉంటే, దాన్ని రెండో పేరుగ తీసుకుంటరు. యాదమ్మ నర్సయ్య అని మళ్ల పెడదాం. ఎక్స్‌ప్రెస్‌ల పెడితే రేపు సాయంత్రానికి రావచ్చు" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. యాదమ్మ గారు మాత్రం కుర్చీలోంచి లేచి, "ఆయన పేరుతోటి నేను పోను" అని బయటికి నడిచారు.

వీధి చివర టీ బండి దగ్గర నిలబడ్డాం. చుట్టూ మెడలో గుర్తింపు కార్డులు వేసుకున్న పిల్లలు, ఒక్కొక్కరి కార్డు మీదా రెండేసి, మూడేసి పేర్లు. నేనేమీ అడగకుండానే ఆవిడే చెప్పారు. "కోకాపేట దిక్కు మాకు చెలక భూమి ఉండె. ధర వచ్చినప్పుడు మా తమ్ములు అమ్మిండ్రు. ఆడిబిడ్డలు సంతకం పెట్టాలంటె నన్ను, సత్తెమ్మను పిలిపిచ్చిండ్రు. మీరు వేరే ఇంటోళ్లు, మీకేం వస్తది, సంతకం పెట్టుండ్రి అన్నరు. నేను మొగన్ని ఇడిచిపెట్టొచ్చి గదే ఇంట్ల ఉంటి. మా నాయన మంచం మీద కూసోని అంతా ఇన్నడు. ఒక్క మాట అనలే. వీళ్లు గూడ నా బిడ్డలే గద అనలే. ఎంత ఇచ్చిండ్రు, ఇయ్యలే, అది కాదు శారదమ్మా. నోరు తెర్వలే." ఆ మర్నాడే కిరాయి గది వెతుక్కుని రొట్టెల పొయ్యి పెట్టారట. తండ్రి పోయి ఆరేళ్లయినా పేరు పెట్టి తలుచుకోలేదట.

ఆవిడకు నచ్చజెప్పే హక్కు నాకు లేదనిపించింది. అలాగని ఊరుకుంటే శుక్రవారం దగ్గరికొచ్చేస్తోంది. "ఒకసారి సత్తెమ్మ గారితో మాట్లాడండి" అని మాత్రం అన్నాను. ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాను. జరిగింది విని సత్తెమ్మ ముందు నవ్వింది. "అక్కా, ఈడ నన్ను సత్తెమ్మ అని ఎవ్వలు పిలుస్తరనుకున్నవ్? నన్ను పంపిన ఏజెంటు ఇంటిపేరు కాడ నాయన పేరు రాసిండు. అప్పట్నుంచి అందరికి నేను నర్సయ్యనే. బడి పోరలు నర్సయ్యా, ఇంక జర పప్పు అంటరు. దవాఖాన చీటీ మీద గూడ గదే." తర్వాత నవ్వు ఆగింది. "కోపం నాకు లేదా? నాతోటి గూడ సంతకం పెట్టిపిచ్చుకున్నరు. గని శుక్రారం నాడు నాకు నువ్వు గావాలె. ఏ పేరు పెట్టుకొని వస్తవో రా."

యాదమ్మ గారు చేతిలో చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగేశారు. లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చుని, "నర్సయ్య అని రాయుండ్రి. తప్పుల్లేకుంట రాయుండ్రి" అన్నారు. నాకు కళ్లు తడిసిపోయాయి. దాచుకోవడానికి పక్క స్టూడియోలో ఫొటో ధర అడిగే నెపంతో బయటికొచ్చాను. తెల్ల నేపథ్యంతో ఎనిమిది ఫొటోలు నూటయాభై. ముప్పై రోజుల వీసాకు ఎక్స్‌ప్రెస్ రుసుముతో కలిపి ఆ రోజు ధర ఎనిమిది వేల ఏడు వందలు. ఈ ధరలు తరచూ మారుతుంటాయి, నా అంకెల మీద ఆధారపడకండి. తిరుగు టికెట్టు, చెల్లెలి పాస్‌పోర్టు నకలు, ఆమె ఉండే చోటి చిరునామా, ఆసుపత్రి ఇచ్చిన ఉత్తరం, ఇవన్నీ జిలానీ గారు ఒక కవరులో సర్ది, "ఇమిగ్రేషన్‌ల పనికి పోతున్నవా అని అడుగుతరు. భయపడకుంట ఉన్నది ఉన్నట్టు చెప్పు అమ్మా" అన్నారు. టికెట్టు మీది యాదమ్మ యాదమ్మను సరిచేయించడానికి నేను ఎయిర్‌లైన్ వాళ్ల ఫోన్‌లో నలభై నిమిషాలు పాట విన్నాను.

అన్నీ అయ్యేసరికి రెండు దాటింది. మెట్రో మెట్ల దగ్గర ఒక చిన్న హోటల్లో భోజనం చేశాం, మనిషికి నూట ఇరవై. ధరల పట్టీలో జొన్నరొట్టె ముప్పై ఐదు అని నేను చదివి వినిపిస్తే, యాదమ్మ గారు వంటాయన్ను పిలిచి మరీ చూపించమన్నారు. రొట్టెను ఎత్తి వెలుతురుకు పెట్టి, "గింత మందముంటె లోపల ఉడుకుతదా బిడ్డా?" అని అడిగారు. ఆయన నవ్వి, "మిషన్ మీద చేస్తున్నం అమ్మా, గట్లనే వస్తది" అన్నాడు. పొద్దున్నుంచి ఆవిడ ముఖం తేటపడింది అప్పుడే. బుధవారం సాయంత్రం ఐదున్నరకు వీసా నా ఫోన్‌కు వచ్చింది. ఆ రోజు పొయ్యి వెలిగించకుండా ఆవిడ బట్టలు సర్దుకున్నారు.

ఇంతకాలం వీసా నిబంధనలంటే దేశాలు పెట్టుకునేవి, మనం పాటించేవి అనుకునేదాన్ని. ఆ రోజు తర్వాత తెలిసింది, ఆ గడులు మనల్ని అడిగే ప్రశ్నలు మన ఇళ్లలో ఎవరూ అడగనివి కూడా కావచ్చని. నువ్వు ఏ ఇంటి మనిషివి అన్న ప్రశ్నకు మనలో చాలామంది ఆడవాళ్ల దగ్గర తేలికైన జవాబు లేదు. వెళ్లబోయేవాళ్లకు నా సలహా ఒక్కటే. టికెట్టు కొనకముందే ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ తీసి, మొదటి పేజీలో ఇంటిపేరు ఉందో లేదో చూడండి. లేకపోతే చివరి పేజీ తిప్పి అక్కడున్న తండ్రి పేరును అక్షరం అక్షరం చదవండి, ఆ దేశం దాన్ని ఒప్పుకుంటుందో లేదో ఎయిర్‌లైన్‌నీ ఏజెంటునీ ఇద్దరినీ అడగండి. లేని పేరును మాత్రం నాలాగా సొంతంగా పుట్టించకండి.

శుక్రవారం మధ్యాహ్నం దుబాయ్ ఆసుపత్రిలో, సత్తెమ్మను ఆపరేషన్ గది నుంచి వార్డుకు తెచ్చారని తెలిసి కింది అంతస్తులో రిసెప్షన్ దగ్గరికి వెళ్లాం. దగ్గరి బంధువులను మాత్రమే, అదీ ఒక్కరినే పైకి పంపుతామన్నారు. బంధుత్వం ఎలా రుజువు చేయాలా అని నేను కవరు విప్పుతుండగానే, బల్ల వెనకున్న అమ్మాయి యాదమ్మ గారి పాస్‌పోర్టులో పెట్టిన వీసా కాగితం చూసి, కంప్యూటర్ తెర మీద సత్తెమ్మ పేరు చూసి, "నర్సయ్య, నర్సయ్య. అక్కాచెల్లెళ్లా?" అని ఇంగ్లీషులో అడిగి, ఇంకో ప్రశ్న వేయకుండా పాస్ చేతికిచ్చింది. ఏమన్నదని యాదమ్మ గారు నన్నడిగితే చెప్పాను. ఆవిడ పాస్ మీది పేరును వేలితో ఒకసారి తడిమి, "మా నాయన మా అక్కచెల్లెండ్లకు పంచింది గిదొక్కటే శారదమ్మా. సమానంగనే పంచిండు" అని, చెల్లెలి దగ్గరికి లిఫ్టు ఎక్కారు.