తాళం పడని బిస్కెట్ డబ్బా

పొద్దున్నే మెట్‌పల్లి నుంచి ఫోటో స్టూడియో సలీం చాచా ఫోన్ చేశారు. "ఒక్క ఫోటో గూడ తెరుచుకుంటలేదు బేటా, జర జల్ది రా." చిన్న దుకాణాల కంప్యూటర్లు బాగుచేయడమే నా పని కాబట్టి వెంటనే బండి తీశాను.

చూస్తే వైరస్ ఫైళ్లన్నిటికీ తాళం వేసేసింది. కాపీలు దాచిన హార్డ్ డిస్కు ఏదని అడిగాను.

"గిదే. తీస్తే ఏడనన్న పోతదని ఎప్పుడు కంప్యూటర్‌కే పెట్టి ఉంచిన."

దానికీ తాళం పడింది. పన్నెండేళ్ల ఫోటోలు ఇక రావు.

నా ముఖం చూసి ఆయనే అర్థం చేసుకున్నారు. అటక మీది బిస్కెట్ డబ్బా దింపారు. "రీలు కెమెరా దినాల నెగెటివ్‌లు ఒక్కటి గూడ పారెయ్యలే. మీ బాపు దుబాయ్ పొయ్యే ముందట మీ ముగ్గురి ఫోటో దింపిన, యాదున్నదా?" అంటూ ఒక నెగెటివ్ వెతికి చేతిలో పెట్టారు.

ఊరందరికీ బ్యాకప్ పాఠాలు చెప్పే నా ఇంట్లో ఆ ఫోటో లేదు.

ట్యూబులైటుకు ఎదురుగా పట్టి చూశాను. అమ్మ ఒళ్లో నేను, పక్కన బాపు. నెగెటివ్ కదా, ముప్పై ఏళ్ల బాపుకు జుట్టంతా తెల్లగా ఉంది. ఎన్నో ఏళ్లకు దుబాయ్ నుంచి తిరిగొచ్చిన రోజు ఆయన అచ్చం అలాగే ఉన్నారు.

మీ ఇంట్లో నెగెటివ్‌లు ఉన్నాయా? ఒకసారి వెలుతురుకు పట్టి చూడండి.